పొలిమేర దాటగనే ధర ఏల మారును?

(వ్యవసాయాధికారి, తిరువూరు)

తిరువూరు నుండి భద్రాచలము వైపు పోవు జాతీయ రహదారిపై కొద్ది మైళ్లు సాగినంతనే రాష్ట్రము మారును. నేల మారదు, పంట మారదు. పెనుబల్లి, కల్లూరు మండలముల వారితో మన రైతులకు వియ్యములున్నవి, పాలికాపులున్నారు, కొందరికి అటు ఇటు రెండు వైపుల పొలములు కూడ ఉన్నవి. అయినను రైతు సేవా కేంద్రమునకు వచ్చువారు నన్ను తరచుగా అడుగు ప్రశ్న ఇది: “అయ్యా, అవతల డీజిలు చవుక, సన్న వడ్లకు ధర ఎక్కువ. మధ్యన గోడ లేదు, ఏరు లేదు. ఎందుకండీ ఇట్లా?”

ఇది ఊసుపోక అడుగు ప్రశ్న కాదు. మన మండలములో ఒక రైతు రెండెకరముల మిరపతోటకు 20 ప్యాకెట్ల విత్తనమును అవతలి ఊరి దుకాణములో కొనెను. ప్యాకెట్టుకు 60 రూపాయల చొప్పున 1,200 రూపాయలు కలిసివచ్చినవని సంతోషించెను. బిల్లు వ్రాసినచో ఆ ధరకు ఇయ్యలేమని దుకాణదారుడు చెప్పెనట. ఇతడును సరే ననెను. నారుమడిలో సగము కూడ మొలవలేదు. నా వద్దకు వచ్చునప్పటికి చేతిలో బిల్లు లేదు, ఖాళీ ప్యాకెట్లు గట్టున తగులబెట్టినారు. ఆ సంగతి తరువాత చెప్పెదను. ముందు ధర ఏల మారునో చూతము.

ఈ పొలిమేర నిన్న మొన్న పుట్టినది కాదు. దేశమునకు స్వాతంత్ర్యము రాక పూర్వము తిరువూరు తాలూకా చెన్నరాజధానిలోని కృష్ణాజిల్లాకు చేరినది. అవతలి ఖమ్మము, మధిర ప్రాంతములు నైజాము రాజ్యము. అనగా అవి నిజముగా రెండు వేర్వేరు ప్రభుత్వములు. ఇక్కడ చెల్లునది ఇంగ్లీషువారి కల్దారు రూపాయి, అక్కడ చెల్లునది హాలీ రూపాయి. 6 కల్దారు రూపాయలకు 7 హాలీ రూపాయలు మారకము. ఇది చాలక సరిహద్దున కరోడ్‌గిరి నాకాలు ఉండెడివి. ఇటునుండి అటు పోవు సరకుపై సామాన్యముగా నూటికి 5 వంతున సుంకము కట్టవలసి యుండెను.

ఇప్పుడొక లెక్క చూడుడు. తిరువూరులో ఒక చీర 6 రూపాయలు అనుకొందము. దానిని నాకా దాటించి అమ్మిన అవతల ఎంత పలుకును? 6 కల్దారులు 7 హాలీలు. వానిపై సుంకము నూటికి 5 వంతున 5 అణాల చిల్లర. బండి బాడుగ వేరు. దుకాణములో 7 రూపాయల 6 అణాలో, 7 రూపాయల 8 అణాలో చెప్పుదురు. పైకి చూచిన ఒకటిన్నర రూపాయి ప్రియము. కాని అందులో ఒక రూపాయి ప్రియమే కాదు; అది రెండు నాణెముల వాసి మాత్రమే. మిగిలిన ఆరో ఎనిమిదో అణాలే సుంకము, బాడుగ. ఈ రెంటిని విడదీసి చూడనివాడు అవతలి దుకాణదారుని దొంగయని తిట్టిపోయెడివాడు.

నేటికిని పొరుగు దేశముల ధరలను పోల్చువారు ముందు నాణెము సంగతి తేల్చుకొనవలెను. నేపాలులో 160 రూపాయలని ధర వ్రాసియున్న వస్తువు మన 100 రూపాయల వస్తువే. 1993 నుండి ఆ దేశపు 1.60 రూపాయలు మన ఒక రూపాయికి సమానముగా నిలిపి యుంచినారు.

నైజాము రాజ్యము 1948లో భారతదేశమున కలిసెను. హాలీ నాణెము 1959లో పూర్తిగా రద్దయ్యెను. 1956 నవంబరు 1న రెండు ప్రాంతములు ఒక రాష్ట్రమై, 2014 జూన్ 2న తిరిగి రెండయినవి. ఈసారి నాణెము ఒక్కటే, సుంకపు నాకా లేదు. 2017 జూలై 1 నుండి వస్తు సేవల పన్ను వచ్చి, సబ్బుబిళ్ల మొదలు స్ప్రేయరు వరకు పెక్కు వస్తువులపై రెండు వైపుల పన్ను రేటు సమానమైనది. ఆ పన్ను 2025 సెప్టెంబరు 22న ట్రాక్టర్లపై నూటికి 12 నుండి 5కు తగ్గినప్పుడు తిరువూరులోను సత్తుపల్లిలోను ఒకే దినమున తగ్గినది.

అట్లయిన తేడా ఎక్కడ మిగిలినది? ఇక్కడ ఒక సూత్రము జ్ఞాపకముంచుకొనవలెను. సరకును చవుకచోటునుండి ప్రియమైన చోటికి మోసికొనిపోవువాడు ఒకడుండిన చాలు, కొన్నాళ్లలో రెండు ధరల మధ్య మోతకూలి మాత్రమే మిగులును. అంతకు మించి తేడా నిలిచియున్నదన్న, మోయుటకు వీలులేకుండ మధ్యన ఏదో ఒక గోడ ఉన్నదని అర్థము. ఆ గోడ పన్ను కావచ్చును, చట్టము కావచ్చును, ఒకరి చేతిలోని హక్కు కావచ్చును. ధర తేడా వినినపుడెల్ల “ఆ గోడ ఏది?” అని అడుగవలెను.

డీజిలు సంగతి చూడుడు. పెట్రోలు, డీజిలు, మద్యము వస్తు సేవల పన్నులో చేరలేదు. వానిపై పన్ను ఆయా రాష్ట్రముల ఇష్టము. (మద్యము ముచ్చట ఈ పత్రికకు తగినది కాదు, పాఠకులలో తెలిసినవారికి నాకన్న బాగుగా తెలియును.) 2024లో డీజిలుపై తెలంగాణ వేసినది నూటికి 27. మన రాష్ట్రము వేసినది నూటికి 22.25, దానిపై లీటరుకు 4 రూపాయలు, రోడ్ల కొరకు మరియొక రూపాయి. శాతము చూచిన మనదే తక్కువ, బంకు వద్ద చూచిన మనదే ఎక్కువ. పన్ను వేయకముందు లీటరు 75 రూపాయలు అనుకొందము. అవతల పన్ను 20.25, ఇవతల 16.69కి 5 కలిపి 21.69. తేడా ఒక రూపాయి 44 పైసలు. ఇందులో ఒక చిత్రమున్నది. అసలు ధర తగ్గినకొలది ఈ తేడా పెరుగును, పెరిగినకొలది తరుగును. అసలు ధర 105 రూపాయల చేరువకు వచ్చిననాడు రెండు పన్నులును సమానమగును. శాతముగా వేసిన పన్ను ధరతోపాటు ఎక్కి దిగును. రూపాయలలో వేసిన పన్ను కదలదు.

ఈ రూపాయిన్నర కొరకు పనిగట్టుకొని పోవచ్చునా? నలుబది లీటర్లకు మిగులునది 58 రూపాయలు. ఇరువది మైళ్లు మోటారుసైకిలుపై పోయివచ్చిన దానిలో సగమునకు పైగా దానికే సరిపోవును, పూట పని చెడును. రహదారిపై ఎట్లును పోవు లారీవాడు 300 లీటర్లు పట్టించుకొన్న అతనికి నాలుగు వందల పైచిలుకు మిగులును. తేడా ఫలము దారిలో పోవువానికే గాని దానికై బయలుదేరువానికి కాదు.

మోయ వీలులేని వస్తువులు కొన్ని ఉన్నవి. క్షవరము అట్టిది. అమెరికాలోనున్న మన ఊరివారు సెలవులకు వచ్చి, అక్కడ ఒక్క క్షవరమునకు ఇచ్చు సొమ్ముతో ఇక్కడ సంవత్సరమంతయు చేయించుకొనవచ్చునని నవ్వుదురు. కత్తెరను ఓడలో పంపవచ్చును, మంగలిని దినదినము పంపలేము. అక్కడి కూలి, అక్కడి అద్దె ఆ ధరలో చేరి కూర్చుండును. తిరువూరు, పెనుబల్లిల మధ్య అట్టి తేడా లేకపోవుటకు కారణము, కూలివారే ఉదయము ఆటో ఎక్కి అటు ఇటు పోవుచున్నారు. పత్తి తీతకు అవతల పది రూపాయలు ఎక్కువ ఇచ్చిన మరునాడు మన చేలలో మనుషులుండరు. ఇది మీకు నేను చెప్పనక్కరలేదు.

ఇక వడ్ల సంగతి. కేంద్ర ప్రభుత్వపు కనీస మద్దతు ధర దేశమంతటికిని ఒక్కటే. 2024-25లో సాధారణ రకము క్వింటాలుకు 2,300, ఏ-గ్రేడు 2,320 రూపాయలు. 2025-26లో 2,369, 2,389. తెలంగాణ ప్రభుత్వము 2024 ఖరీఫు నుండి సన్న రకములకు దీనిపై క్వింటాలుకు 500 రూపాయల బోనసు కలిపినది. మన 75 కిలోల బస్తా లెక్కను అది 375 రూపాయలు. ఎకరమునకు 30 బస్తాలు పండించినవానికి 11,250. ఇంత తేడా చూచి మనసు నిలుచుట కష్టమే.

కాని గోడ ఏది? ఆ బోనసు బియ్యపు విలువ కాదు, ఒక ప్రభుత్వము తన రైతుకు తన ఖజానా నుండి ఇచ్చు సొమ్ము. అక్కడి కొనుగోలు కేంద్రములో అక్కడి పట్టా, అక్కడి పంట నమోదు చూచి ఇచ్చెదరు. ఇతర రాష్ట్రముల ధాన్యము రాకుండ 2024లో వారు సరిహద్దులలో తనిఖీ కేంద్రములు కూడ పెట్టిరి. రాత్రివేళ ట్రాక్టరు దాటించి, అవతలి బంధువు పేరున అమ్మించెదమనువారు ఆలోచింపవలసినది ఒకటున్నది: సొమ్ము ఆ బంధువు ఖాతాలో పడును. పట్టుబడిన ధాన్యము, బండి అతనివి కావు, మీవి. ఇక్కడ ఈ-పంటలో నమోదైన మీ ధాన్యము మీ కేంద్రమునకు రాలేదన్న లెక్క కూడ మిగిలిపోవును. పొలము నిజముగా అవతల ఉన్నవారు మాత్రము అక్కడ నమోదు చేయించుకొని నిరభ్యంతరముగా బోనసు పొందవచ్చును. ఈ సంగతి తెలియక రెండు వైపుల వడ్లను కలిపి ఒకచోటనే అమ్మినవారున్నారు.

యూరియా కథ దీనికి విరుద్ధము. 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు, రెండు రాష్ట్రములలోను ఒక్కటే. అసలు ఖరీదు అంతకు అనేక రెట్లు. మిగిలినది కేంద్రము భరించును. అందుచేత మన రాష్ట్రముల మధ్య ధర తేడా లేదు గాని, దేశపు ఎల్ల వద్ద ఉన్నది. నేపాలు, బంగ్లాదేశ్ సరిహద్దులలో మన యూరియా దొంగతనముగా దాటిపోవుట పాత రోగము. ధరను ఒకచోట కట్టివేసినపుడు తేడా మరియొక రూపమున బయటపడును. 2025 ఖరీఫులో రెండు రాష్ట్రములలోను రైతులు బారులు తీరి నిలిచిరి. బస్తా ధర పెరగలేదు. పూట కూలి, ఆలస్యమైన పైరు ఆ ధరకు తోడైనవి. అవతల సరకున్నదని విని అటు పరుగెత్తినవారు అక్కడను వరుసనే చూచిరి.

పేరుగల పాత సంగతి యొకటి ఇక్కడ చెప్పవలెను. ఇది దేశములకు దేశములకు మధ్యనున్న ధర తేడాను మన రాష్ట్రమే పట్టుకొని పోరాడిన ఉదంతము. 2002లో మన దేశమున బీటీ పత్తికి అనుమతి వచ్చినది. 450 గ్రాముల ప్యాకెట్టు 1,600 రూపాయలు దాటి అమ్మిరి. అందులో 1,250 రూపాయలు విత్తనము ఖరీదు కాదు, ఆ జన్యువుపై హక్కుగల సంస్థకు పోవు రుసుము. అదే విధమైన విత్తనమునకు చైనా రైతు చెల్లించు రుసుము ఇందులో అతి స్వల్ప భాగమని 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గుత్తవ్యాపార నిరోధక కమీషను ఎదుట ఫిర్యాదు చేసెను. చైనాలో ఏల తక్కువ? అక్కడి ప్రభుత్వ వ్యవసాయ పరిశోధన సంస్థ తన స్వంత బీటీ జన్యువును తయారుచేసి పోటీకి నిలిపినది. మన వద్ద పోటీదారు లేడు. హక్కుగల వాని గోడ మాత్రము ఉన్నది. ఆ సంవత్సరమే ప్యాకెట్టు ధర 750 రూపాయలకు దిగినది. 2007లో రాష్ట్రము దీనికై చట్టము చేసెను. 2015 డిసెంబరులో కేంద్రము దేశమంతటికి ధర నిర్ణయించు ఉత్తర్వు తెచ్చెను. 2016లో బీజీ-2 ప్యాకెట్టు 800 రూపాయలు, 2024లో 864. కనుక పత్తి విత్తనమును అవతల ఎవడైన నిర్ణయించిన ధరకు మించి అమ్మిన అది నేరము, మరీ తక్కువకు అమ్మిన అది అనుమానము.

మిరపకాయల అమ్మకమున ఏ గోడయు లేదు. గుంటూరు యార్డుకు పోవచ్చును, అంతకన్న దగ్గరనున్న ఖమ్మము యార్డుకును పోవచ్చును. గోడ లేనిచోట తేడా స్వల్పము, లెక్క సూక్ష్మము. ఒక ఉదాహరణ వ్రాసెదను. అంకెలు మీరు మార్చుకొనుడు. దగ్గరి యార్డులో క్వింటాలు 13,200, దూరపు యార్డులో 13,500 అని ఫోనులో తెలిసినది. సరకు 20 క్వింటాళ్లు. తేడా 6,000 రూపాయలు. దూరపు యార్డుకు అధిక బాడుగ క్వింటాలుకు 100 చొప్పున 2,000. అక్కడ తరుగు క్వింటాలుకు ఒక కిలో ఎక్కువ తీసిన 20 కిలోలు, అనగా 2,700. రెండు దినముల బస, భోజనము 800. మిగిలినది 500. ఇంతలో సొమ్ము చేతికి 20 దినములు ఆలస్యమైన, 2,70,000 రూపాయలకు నూటికి రెండు రూపాయల వడ్డీపై 3,600 పోవును. ఇంటికి వచ్చునప్పటికి 3,100 నష్టము. పలికిన ధర చూచి బండి కట్టరాదు. కాంటా, తరుగు, హమాలీ, కమీషను, సొమ్ము ఇచ్చు దినము, ఇవన్నియు అడిగి, కల్లములో చేతికి దక్కు ధర కట్టుకొనవలెను. సరుకులో తేమ ఎక్కువైయున్నవాడు ఏ యార్డుకు పోయినను ఈ లెక్క తలక్రిందులగును.

ఇప్పుడు ఆ నారుమడి రైతు సంగతి. విత్తనపు ప్యాకెట్టుపై ముద్రించినది గరిష్ఠ ధర. అంతకు తక్కువకు అమ్ముట తప్పు కాదు. అద్దె తక్కువగల దుకాణదారుడు తగ్గించవచ్చును, గడువు దగ్గరపడిన సరకును వదిలించుకొనుటకును తగ్గించవచ్చును. కాని విత్తనమును పరీక్షకు పంపు అధికారము నాకు నా రాష్ట్రపు దుకాణములపైననే కలదు. అవతలి దుకాణము అవతలి అధికారి క్రిందిది. అక్కడ ఫిర్యాదు చేయుటకైనను బిల్లు, లాటు నంబరుగల ప్యాకెట్టు, మిగిలిన విత్తనము కొంచెము ఉండవలెను. ఇతని వద్ద మూడును లేవు. 60 రూపాయల తేడా ధరలోని తేడా కాదు. బిల్లు లేకపోవుటచే అతడు వదులుకొన్న హక్కు ఖరీదు. అతడు తిరిగి 20 ప్యాకెట్లు కొని, ఇరువది దినములు ఆలస్యముగా నారు నాటెను.

కడపట ఆయిల్‌పామ్. విస్సన్నపేట, చాట్రాయి వైపు తోటలున్నవారికిది ముఖ్యము. గెలల ధర తోటలో నిర్ణయము కాదు. టన్ను గెలలనుండి ఎన్ని పాళ్లు నూనె వచ్చునో ఆ శాతమునుబట్టి, అప్పటి ముడినూనె ధరనుబట్టి లెక్కకట్టుదురు. నూనె శాతములో ఒక పాలు తేడా అనిన టన్నుకు 10 కిలోల నూనె. కిలో 100 రూపాయలు అనుకొన్న వేయి రూపాయల సరకు. ఎకరమునకు 8 టన్నులు వచ్చు తోటలో 8,000 రూపాయల సరకు, అందులో రైతు వాటా సూత్రము ప్రకారము వచ్చును. అశ్వారావుపేటలోని తెలంగాణ ఆయిల్‌ఫెడ్ కర్మాగారపు శాతము ఎక్కువగా ప్రకటింపబడి, మన వైపు తక్కువగా ఉండినందున మన రైతులు సంవత్సరముల తరబడి మొరపెట్టుకొనిరి. గెలలు లారీలో ఎక్కించి అటు పంపవచ్చును గదా యన్న, 1993 నాటి ఆయిల్‌పామ్ చట్టము ప్రకారము ఒక్కొక్క కర్మాగారమునకు ఒక్కొక్క ప్రాంతము కేటాయింపబడినది. అదియే గోడ. 2019లో మన ప్రభుత్వము తెలంగాణ ధరతో సమానముగా చెల్లింప నిర్ణయించినది.

ముడినూనె ధరకు మూలము మలేషియా, ఇండోనేషియాల విపణి. దానిపై మన దేశపు దిగుమతి సుంకము చేరిన తరువాతనే అది ఇక్కడి ధర యగును. 2024 సెప్టెంబరులో ముడి పామాయిలుపై మూల సుంకమును సున్న నుండి నూటికి 20కి పెంచిరి. 2025 మే చివర దానిని 10కి తగ్గించిరి. ఆ దేశములలో ధర కదలకున్నను మన గెల ధర ఈ రెండు మార్లును కదలుటకు ఇదియే కారణము. కనుక నెలవారీ గెల ధర పడినపుడు కర్మాగారము వద్దకు పోవుటకు ముందు సుంకము మారినదేమో విచారింపుడు.

నూనె శాతము మాత్రము కొంత మన చేతిలోనిదే. పచ్చి గెల కోసి పంపిన నూనె తగ్గును, ఆ తగ్గుదల ఆ ప్రాంతపు రైతులందరి ధరలోను చేరును. గెలనుండి పది పండ్ల వరకు తమంతట రాలిన పిమ్మటనే కోయుడు. రాలిన పండ్లను ఏరి గెలలతోపాటే పంపుడు, అందులోనే నూనె ఎక్కువ. కోసిన 24 గంటలలో గెలలు కర్మాగారము చేరునట్లు బండిని ముందురోజుననే మాట్లాడుకొనుడు. కాంటా చీటీని ఆ నెల ధర ప్రకటన వచ్చువరకు భద్రపరచుడు.